యూరిన్ బ్యాగ్ ఒక్కటే చూసి సెలైన్ ఎక్కించొద్దు

పెద్ద క్యాన్సర్ ఆపరేషన్ అయిన రాత్రి అందరి కళ్ళూ మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగ్ మీదే ఉంటాయి. గంటకు 20 మి.లీ. అని నర్సు చార్టులో రాస్తుంది. డ్యూటీ డాక్టరు ఒక ఆర్.ఎల్. (రింగర్ లాక్టేట్, నరంలోకి ఎక్కించే ద్రవం) పెట్టమంటారు. గంట తర్వాత మళ్ళీ 20. మళ్ళీ ఇంకో బాటిల్. తెల్లారేసరికి ఒంట్లో రెండు మూడు లీటర్లు అదనంగా చేరతాయి, మొహం ఉబ్బుతుంది, మూత్రం మాత్రం పెరగదు. మూత్రం తగ్గితే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టేననీ, నీళ్ళు పోస్తే కిడ్నీ కోలుకుంటుందనీ అనుకోవడంలోనే తిరకాసంతా ఉంది.

కోత పడగానే నొప్పికీ ఒత్తిడికీ మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోను వదులుతుంది. నీళ్ళు బయటికి పోనివ్వొద్దని అది కిడ్నీకిచ్చే ఆజ్ఞ. ఆపరేషన్ ముగిశాక కూడా ఒకటి రెండు రోజులు దాని పట్టు ఉంటుంది. అందుకే గంటకు కిలోకు 0.5 మి.లీ. రావాలన్న పుస్తకం లెక్కను ఆపరేషన్ బల్ల మీదా, ఆ మొదటి రాత్రీ గుడ్డిగా పట్టుకోకూడదు. బి.పి. నిలకడగా ఉండి, లాక్టేట్ (రక్తప్రసరణ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) పెరగకుండా, చేతులూ కాళ్ళూ వెచ్చగా ఉంటే 0.3 వచ్చినా నేను కంగారు పడను. 50 కిలోల మనిషికి అది గంటకు 15 మి.లీ.

లెక్కలన్నీ ఆ 50 కిలోల మనిషికే వేస్తాను. అండాశయ క్యాన్సర్ పొట్టంతా పాకినప్పుడు గడ్డలన్నీ తీసేసి, వేడి చేసిన కీమో మందును కడుపులో తిప్పే ఆపరేషన్ ఉంది: సైటోరిడక్షన్, దాని వెంట హైపెక్. ఎనిమిది, పది గంటలు పడుతుంది. నీళ్ళ లెక్క తప్పడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ ఇందులో ఉన్నాయి కాబట్టి దీన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ధారాళంగా పోసే అలవాటు పాతది. 1957లో హాలిడే, సెగార్ పిల్లల కోసం వేసిన లెక్క ఒకటి ఉంది: మొదటి 10 కిలోలకు గంటకు కిలోకు 4 మి.లీ., తర్వాతి 10 కిలోలకు 2, మిగతాదానికి 1. పెద్దవాళ్ళకూ అదే వాడేశారు. 1961లో షైర్స్ బృందం, పెద్ద ఆపరేషన్లలో నీళ్ళు ఒంట్లోనే ఏదో 'మూడో చోటు'కి వెళ్ళిపోతాయని చెప్పింది. దాంతో కోసిన కడుపుకు గంటకు కిలోకు 8, 10 మి.లీ. అదనంగా పోయడం మామూలైంది. పేగులన్నీ బయట పెట్టినా ఆవిరై పోయేది గంటకు కిలోకు 1 మి.లీ. కూడా దాటదని తర్వాత కొలిచి చూశారు. ఆ మూడో చోటు ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. పోసిన నీళ్ళు మాత్రం పేగు గోడల్లో, ఊపిరితిత్తుల్లో, కుట్ల దగ్గర దొరికాయి.

2003లో డెన్మార్క్‌లో 141 మంది పెద్దపేగు రోగుల మీద చేసిన పరిశోధనలో నీళ్ళు తగ్గించినవాళ్ళకే ఇబ్బందులు తక్కువ వచ్చాయి. లోలకం అటు కొసకు ఊగింది. కొందరు పేషెంటును ఎండగట్టడమే గొప్ప అనుకునేదాకా వెళ్ళారు. 2018లో వచ్చిన రిలీఫ్ పరిశోధన దానికి బ్రేకు వేసింది. ఏడు దేశాల్లో కడుపు ఆపరేషన్లు చేయించుకున్న సుమారు 3000 మంది. ఒక గుంపుకు మొదటి 24 గంటల్లో 3.7 లీటర్లు, ఇంకో గుంపుకు 6.1 లీటర్లు. ఏడాది తర్వాత వైకల్యం లేకుండా బతికి ఉన్నవాళ్ళు రెండు గుంపుల్లో ఒకటే. కానీ కిడ్నీ దెబ్బతిన్నది తక్కువ నీళ్ళిచ్చిన గుంపులో 8.6 శాతానికి, రెండోదాంట్లో 5 శాతానికి. ఎండగడితే కిడ్నీ పోతుంది, ముంచెత్తితే పేగూ ఊపిరితిత్తీ పోతాయి, ముంచడం మరీ ఎక్కువైతే కిడ్నీ కూడా పోతుంది. నా పద్ధతి: ఆపరేషన్ పొడుగునా గంటకు కిలోకు 5 నుంచి 8 మి.లీ. మధ్య, అంటే 250 నుంచి 400 మి.లీ. బ్యాక్‌గ్రౌండ్‌గా నడిపి, బల్ల దిగేసరికి ఒకటి రెండు లీటర్లు జమలో ఉండేలా చూసుకోవడం. రక్తం పోతే దాని లెక్క వేరు.

ఏ బాటిల్ అన్నది కూడా ముఖ్యమే. 'నార్మల్' సెలైన్ పేరుకే నార్మల్. లీటరులో సోడియం 154, క్లోరైడ్ 154 మిల్లీమోల్స్, అంటే 9 గ్రాముల ఉప్పు. రక్తంలో క్లోరైడ్ 100 చిల్లర మాత్రమే. క్లోరైడ్ పెరిగితే కిడ్నీకి రక్తం తెచ్చే సన్నని నాళాలు బిగుసుకుంటాయి, రక్తం ఆమ్లం వైపు జరుగుతుంది. ఆ పీహెచ్ రిపోర్టు చూసి, రక్తప్రసరణ సరిపోవడం లేదనుకుని ఇంకో సెలైన్ పెట్టేవాళ్ళున్నారు. ఆర్.ఎల్. లో క్లోరైడ్ సుమారు 110, ప్లాస్మాలైట్‌లో 98. ఐ.సి.యు. రోగులు 15 వేల పైచిలుకు మంది మీద చేసిన స్మార్ట్ పరిశోధనలో (అదీ 2018లోనే) చావు, డయాలిసిస్, నిలిచిపోయిన కిడ్నీ నష్టం మూడూ కలిపి సెలైన్ గుంపులో 15.4 శాతం, బ్యాలెన్స్‌డ్ ద్రవాల (ఆర్.ఎల్., ప్లాస్మాలైట్ లాంటివి) గుంపులో 14.3. తేడా చిన్నదే. కానీ ఖర్చు లేని తేడాను ఎందుకు వదులుకోవాలి? పొటాషియం ఎక్కువుందని ఆర్.ఎల్. మానేసి సెలైన్ పెట్టే అలవాటుకూ అర్థం లేదు. ఆర్.ఎల్. లో ఉన్నది లీటరుకు 4 మిల్లీమోల్స్. సెలైన్ తెచ్చే ఆమ్లత కణాల్లోని పొటాషియాన్ని అంతకన్నా ఎక్కువగా బయటికి తోస్తుంది. హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ బాటిళ్ళు ఇంకా ఎక్కడైనా షెల్ఫులో ఉంటే అక్కడే ఉండనివ్వండి. అవి కిడ్నీకి చేసే చెరుపు 2012 నాటికే తేలిపోయింది.

ఇక బల్ల మీద. కడుపు తెరవగానే, జబ్బు వల్ల లోపల చేరిన ఐదారు లీటర్ల నీరు ఒక్కసారిగా బయటికి వస్తుంది. అప్పటిదాకా పెద్ద నాళాలను నొక్కి ఉంచిన బరువు పోతుంది, బి.పి. జారుతుంది. సర్జన్ సక్షన్ నెమ్మదిగా పెడితే సగం పని అయినట్టే. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులోని సన్నని గొట్టం ద్వారా ఇచ్చే) మందు వల్ల నాళాలు సడలి బి.పి. తగ్గితే దానికి విరుగుడు నార్ అడ్రినలిన్. నిమిషానికి కిలోకు 0.02 నుంచి 0.1 మైక్రోగ్రాముల దాకా సన్నగా నడిపితే చాలు. సడలిన గొట్టాన్ని బిగించాల్సింది పోయి నీళ్ళతో నింపితే, రేపు ఎపిడ్యూరల్ తీసేసరికి ఆ నీళ్ళన్నీ మిగులుతాయి. మీన్ (సగటు) బి.పి. 65 కిందికి పోనివ్వకూడదు, ఎప్పటినుంచో బి.పి. ఉన్నవాళ్ళకు ఇంకాస్త పైన ఉంచాలి. 55 కిందికి దిగితే కొద్ది నిమిషాలకే కిడ్నీకీ గుండెకీ ముప్పు పెరుగుతుంది.

నీళ్ళకు గుండె స్పందిస్తుందా లేదా అన్నదానికి ఆర్టీరియల్ లైన్ (బి.పి. కోసం ధమనిలో పెట్టిన గొట్టం) గీత ఊగే తీరు చూస్తాం. పల్స్ ప్రెషర్ వేరియేషన్ (వెంటిలేటర్ శ్వాసతో పాటు ఆ గీత ఎంత శాతం మారుతోందన్న అంకె) 13 శాతం దాటితే 250 మి.లీ. పది నిమిషాల్లో ఇచ్చి, స్ట్రోక్ వాల్యూమ్ (గుండె ఒక్కసారి కొట్టుకుంటే పంపే రక్తం) 10 శాతం పెరిగిందా అని చూడాలి. పెరక్కపోతే రెండో 250 వద్దు. వేరియేషన్ 9 లోపుంటే నీళ్ళ జోలికే పోనక్కర్లేదు, మధ్యలో ఉంటే ఆ అంకె ఏమీ చెప్పడం లేదని అర్థం. గుండె లయ తప్పినా, ఛాతీ తెరిచి ఉన్నా, వెంటిలేటర్ శ్వాస కిలోకు 8 మి.లీ. కన్నా బాగా తక్కువున్నా ఆ అంకెను నమ్మొద్దు. సి.వి.పి. (గుండె దగ్గరి పెద్ద సిరలో ఒత్తిడి) చూసి నీళ్ళు పోసే కాలం ఎప్పుడో అయిపోయింది.

హైపెక్ మొదలయ్యాక ఆట మారుతుంది. కడుపులో మందు నీళ్ళు 40 డిగ్రీల పైన తిరుగుతుంటాయి, ఒళ్ళు వేడెక్కుతుంది, నాళాలు సడలుతాయి, గుండె వేగం పెరుగుతుంది. మందు సిస్‌ప్లాటిన్ అయితే అది నేరుగా కిడ్నీ గొట్టాల కణాల్లోకి చేరి వాటిని చంపుతుంది. మూత్రం తక్కువైనా ఫరవాలేదని పైన అన్నాను కదా, ఈ గంటన్నర దానికి మినహాయింపు. మందు తిరుగుతున్నంతసేపూ గంటకు కిలోకు కనీసం 1 మి.లీ., వీలైతే 2 రావాలని చూస్తాం. తిప్పడం మొదలవడానికి ముందే ఆ ప్రవాహం ఉండాలి, మందు వెళ్ళాక పరుగెత్తి లాభం లేదు. దీనికి తోడు సోడియం థయోసల్ఫేట్. 2018లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అండాశయ క్యాన్సర్ పరిశోధనలో సిస్‌ప్లాటిన్ ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 100 మి.గ్రా., దాంతో పాటు థయోసల్ఫేట్ మొదట చదరపు మీటరుకు 9 గ్రాములు, తర్వాత 6 గంటల్లో చదరపు మీటరుకు 12 గ్రాములు ఇచ్చారు. రక్తంలోకి చేరిన ప్లాటినాన్ని అది కట్టేస్తుంది. మెగ్నీషియం కూడా కొలిచి నింపాలి. సిస్‌ప్లాటిన్ దాన్ని మూత్రంలో పారబోయిస్తుంది. ఆక్సాలిప్లాటిన్ అయితే 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో తిప్పుతారు కాబట్టి షుగర్ ఎగబాకి, సోడియం పడిపోతుంది. ఆ షుగర్ వల్ల మూత్రం ధారగా వస్తుంటే కిడ్నీ భేషుగ్గా ఉందని మురిసిపోవద్దు.

మూత్రం పెంచడానికి లాసిక్స్, 'కిడ్నీ డోసు' డోపమిన్: రెండూ కిడ్నీని కాపాడవు. డోపమిన్ సంగతి 2000లోనే 328 మంది ఐ.సి.యు. రోగుల మీద తేల్చేశారు. లాసిక్స్ బ్యాగ్‌ను నింపుతుంది, చార్టును అందంగా చేస్తుంది, అంతే.

ఇప్పుడా రాత్రి సంగతి. మూత్రం తగ్గిందని ఫోన్ వస్తే బాటిల్ కన్నా ముందు చూడాల్సినవి ఉన్నాయి. క్యాథెటర్ మడత పడిందా, రక్తపు గడ్డ అడ్డుపడిందా? 50 మి.లీ. సెలైన్‌తో ఫ్లష్ చేసి చూడండి, సగం గండం అక్కడే గడుస్తుంది. డ్రెయిన్‌లో (కడుపులోంచి నీరు బయటికి తీసే గొట్టం) రక్తమా, హిమోగ్లోబిన్ పడిందా? కటి భాగంలో ఆపరేషన్ అయితే యురెటర్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్ళే గొట్టం) కుట్టులో పడి ఉండొచ్చు, తెగి ఉండొచ్చు. డ్రెయిన్ నీళ్ళు ఒక్కసారిగా పెరిగి మూత్రం తగ్గితే, ఆ డ్రెయిన్ నీటిని క్రియాటినిన్ (కిడ్నీ మూత్రంలోకి వదిలే వ్యర్థం) పరీక్షకు పంపండి. రక్తంలో 1.2 ఉండి డ్రెయిన్‌లో దానికి ఎన్నో రెట్లు ఉంటే అది మూత్రమే. కడుపులో చేరిన మూత్రాన్ని పెరిటోనియం (కడుపు లోపలి పొర) మళ్ళీ పీల్చుకుని రక్తంలో క్రియాటినిన్‌ను పెంచుతుంది. కిడ్నీ ఫెయిల్ అయిందనుకుంటాం, దానికేమీ కాదు. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ వాచి ఉంటే దారి మూసుకుపోయినట్టు.

తర్వాత చూడాల్సింది పొట్ట. కిడ్నీ గట్టి సంచిలో ఇమిడి ఉన్న అవయవం. రక్తం లోపలికి రావడమెంత ముఖ్యమో బయటికి పోవడమూ అంతే. పేగులు వాచి పొట్ట బిగిస్తే సిరలు నొక్కుకుపోయి, కిడ్నీలో ఒత్తిడి పెరిగి వడపోత ఆగుతుంది. క్యాథెటర్ ద్వారా మూత్రాశయంలోకి 25 మి.లీ. సెలైన్ వేసి పడుకోబెట్టి కొలిస్తే పొట్ట లోపలి ఒత్తిడి తెలుస్తుంది. 12 దాటితే ఎక్కువ. 20 దాటి అవయవాలు మొరాయిస్తే అత్యవసరం, కడుపు మళ్ళీ తెరవాల్సి రావొచ్చు. మీన్ బి.పి. లోంచి ఈ ఒత్తిడి తీసేస్తే 60 మిగలాలి. మీన్ 70, పొట్ట 18 అంటే మిగిలింది 52. ఇక్కడ ఇంకో లీటరు పోస్తే పేగు ఇంకా వాచి కిడ్నీ ఇంకా మూసుకుపోతుంది.

ఇవన్నీ చూశాక, కాళ్ళు ఎత్తి పట్టుకుంటే గుండె పంపింగ్ పెరుగుతోందంటే అప్పుడు 250 మి.లీ. ఇవ్వండి. ఒంట్లో నీళ్ళు సరిపడా ఉన్నా మూత్రం రాకపోతే లాసిక్స్‌కు ఒక్క మంచి ఉపయోగం ఉంది, అది పరీక్షగా: కిలోకు 1 మి.గ్రా. ఇచ్చి రెండు గంటల్లో 200 మి.లీ. రాకపోతే కిడ్నీ ఇంకా దిగజారేలా ఉందని ముందే నెఫ్రాలజిస్టును పిలవడం.

కనిపించని నీళ్ళను కూడా లెక్కలో వేయాలి. పారాసిటమాల్ 100 మి.లీ. బాటిల్ నాలుగుసార్లు, మెట్రోనిడజోల్ 100 మి.లీ. మూడుసార్లు, ఇంకో యాంటీబయాటిక్ 100 మి.లీ. సెలైన్‌లో మూడుసార్లు. రోజుకు ఒక లీటరు అలా చాటుగా వెళ్తుంది, ఇన్‌టేక్ చార్టులో చాలాచోట్ల అది ఉండదు. 50 కిలోల మనిషికి రోజుకు మొత్తం కావాల్సింది 1250 నుంచి 1500 మి.లీ., సోడియం 50 మిల్లీమోల్స్. మూడు లీటర్ల సెలైన్ ఎక్కిస్తే 462 మిల్లీమోల్స్, అంటే తొమ్మిది రోజుల ఉప్పు ఒక్క రోజులో. మూడు కిలోల బరువు పెరిగేంత ఉప్పునీరు పట్టినా కడుపు ఖాళీ అవడం, పేగు కదలడం ఆలస్యమవుతాయని 2002లోనే చూపించారు. చార్టు కన్నా తూనిక మిషన్ నిజం చెబుతుంది. లేచి నిలబడగలిగిన రోజు నుంచీ పొద్దున్నే బరువు రాయించండి.

రిపోర్టులో క్రియాటినిన్ మనల్ని రెండు రకాలుగా మోసం చేస్తుంది. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో మొదటి విలువకు ఒకటిన్నర రెట్లైనా కిడ్నీ దెబ్బతిన్నట్టే లెక్క. కానీ అదనపు నీళ్ళు దాన్ని పల్చన చేస్తాయి. 50 కిలోల మనిషి ఒంట్లో నీరు సుమారు 30 లీటర్లు. 5 లీటర్లు జమలో ఉంటే రిపోర్టు అంకెను 1.17తో హెచ్చించాలి. ఆపరేషన్ ముందు 0.8, ఇప్పుడు 1.0 అని ఊరుకుంటాం, సరిచేస్తే 1.17. అంటే 0.37 పెరిగింది. రెండో మోసం కండరం. క్రియాటినిన్ వచ్చేదే కండరం నుంచి. నెలల తరబడి తిండి సరిగ్గా లేక కండ కరిగిపోయిన మనిషికి 0.5 ఉండటం కిడ్నీ గొప్పతనం కాదు. ఉద్దానం లాంటి చోట్ల నుంచి వచ్చేవాళ్ళలో పైకి ఏ లక్షణమూ లేకుండానే కిడ్నీ జబ్బు ఉండొచ్చు. మొదటి క్రియాటినిన్ ఆపరేషన్ ముందురోజుది ఒక్కటే చాలదు, ఆరు నెలల పాత రిపోర్టు ఉంటే వెతికి తెమ్మనాలి. అనుమానం ఉంటే, కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి పరీక్ష చేయించాలి.

డిశ్చార్జ్ అయ్యాక ఇంట్లో జరిగే నష్టంలో పెద్ద వాటా ఇలియోస్టమీది. చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చినవాళ్ళకు బ్యాగ్‌లో రోజుకు 1500 మి.లీ. దాటి పోతుంటే లీటరుకు సుమారు 100 మిల్లీమోల్స్ సోడియం పోయినట్టు. దాహం వేస్తుంది. మనవాళ్ళు ప్రేమగా మంచినీళ్ళూ కొబ్బరినీళ్ళూ పట్టిస్తారు. ఉప్పు లేని నీళ్ళు చిన్నపేగులో ఒంటిలోని ఉప్పును లాగి తమతో పట్టుకుపోతాయి. ఎంత తాగితే బ్యాగ్ అంత నిండుతుంది. కొబ్బరినీళ్ళలో సోడియం కొద్ది, పొటాషియం బోలెడు. కిడ్నీ అప్పటికే తగ్గి ఉంటే అది గుండెకు ప్రమాదం. ఉప్పు లేని ద్రవాలు, అంటే నీళ్ళు, టీ, పల్చటి మజ్జిగ అన్నీ కలిపి రోజుకు ఒక లీటరులోపు ఉండాలి. మిగతాది ఉప్పు ద్రావణం: లీటరు నీళ్ళలో గ్లూకోజ్ పొడి 6 చెంచాలు, ఉప్పు 1 చెంచా, వంట సోడా అర చెంచా, అన్నీ టీ స్పూనుతో, తలకొట్టి. చల్లబరిచి రోజంతా గుక్కగుక్కగా తాగాలి. డబ్ల్యు.హెచ్.ఓ. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్‌లో సోడియం లీటరుకు 75. పైన చెప్పిన దాంట్లో 90. ఉప్పేసిన గంజి కూడా మంచిదే. తియ్యటి టెట్రాప్యాక్ డ్రింకులు ఇందుకు పనికిరావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పట్టుబట్టాక, వాటి మీద ఓ.ఆర్.ఎస్. అని రాయకూడదని 2025 అక్టోబరులో ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. తేల్చింది. బ్యాగ్‌ను కొలత జగ్గులోకి వంచి రోజూ రాయాలి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. పేగు కదలికను నెమ్మదింపజేసే లోపెరమైడ్ మాత్ర తిండికి అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక కాదు. మూత్రంలో సోడియం 20 లోపుంటే, రక్తంలో అంతా బాగున్నట్టు కనిపించినా, ఒంట్లో ఉప్పు అయిపోయిందని అర్థం.

మందుల పెట్టెలో చూడాల్సినవి: నొప్పి మాత్రలు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ (పారాసిటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తుంది, జనం గుర్తుపట్టరు), బి.పి. మాత్ర టెల్మిసార్టాన్, దాంతో కలిసొచ్చే, మూత్రం పెంచే హైడ్రోక్లోరోథయజైడ్. ఈ మూడు రకాలూ ఒకేసారి పడితే, కాస్త నీళ్ళు తగ్గినా కిడ్నీ కూలబడుతుంది. బి.పి. మాత్ర పాత అలవాటు కొద్దీ మొదలుపెట్టకుండా, తిండి కుదిరి, క్రియాటినిన్ చూసి, బి.పి. నిజంగా పెరిగిందని తేలాకే వేయాలి. విరేచనాలో వాంతులో పట్టుకున్న రోజున ఆ మాత్ర మానేసి ఫోన్ చేయమని డిశ్చార్జ్ సమ్మరీలో తెలుగులో రాసివ్వాలి. ఎలాగూ ఇంగ్లీషులో రాస్తే చదివేవాళ్ళుండరు.

పరీక్షలు వారానికి, నెలకు, మూడు నెలలకు: క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం, మూడో నెలలో మూత్రంలో ఆల్బుమిన్ కూడా. వారం దాటినా కిడ్నీ పూర్తిగా కోలుకోకపోతే 90 రోజుల దాకా అవకాశం ఉంది. ఆ తర్వాత కూడా అలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక జబ్బనే పిలవాలి. ఈలోగా ఆపరేషన్ తర్వాతి కీమో మొదలవుతుంది, కిడ్నీ లెక్క నిజంగా కరిచేది అక్కడే. కార్బోప్లాటిన్ డోసును కిడ్నీ వడపోతకు 25 కలిపి, ఎ.యు.సి. తో (రక్తంలో మందు మొత్తం ఎంత ప్రభావం చూపాలన్న లక్ష్యం అంకె) హెచ్చించి లెక్కిస్తారు. మన 50 కిలోల మనిషి 55 ఏళ్ళ ఆడమనిషి అనుకోండి. కండ కరిగి క్రియాటినిన్ 0.4 వస్తే కాక్‌క్రాఫ్ట్ సూత్రం (వయసు, బరువు, క్రియాటినిన్‌ల నుంచి వడపోతను అంచనా వేసేది) వడపోత 125 అంటుంది, ఎ.యు.సి. 5కు డోసు 750 మి.గ్రా. అదే క్రియాటినిన్‌ను 0.7 కన్నా తక్కువగా తీసుకోకూడదన్న నియమం పాటిస్తే వడపోత 72, డోసు 485 మి.గ్రా. ఆర్డరు రాసే ముందు క్రియాటినిన్ పక్కన బరువు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ బరువులో కండ ఎంత, కాళ్ళలో ఇంకా దిగని నీరు ఎంత అన్నది మంచం దగ్గరికెళ్ళి వేలితో నొక్కి చూడాలి.